ఎడమపక్క నన్నీ బీ, కుడిపక్క బొగ్గు

27 జనవరి 2025, సోమవారం

బద్వేలు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది నా పెళ్లాం నన్నీ బీ చెల్లెలు మాబున్ని. నన్నీ బీ చెవికి ఫోన్ ఆనించుకోదు, స్పీకర్ పెడుతుంది. అందుకే నేనూ విన్నాను.

మాబున్ని మనవరాలు సమీరాకు నిఖా కుదిరింది. ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం. సంతోషం.

ఆ వెనకే ఇంకో మాట చెప్పింది. వాళ్లమ్మ విందులకు వాడిన పెద్ద రాగి వంటపాత్ర, దేగు, మాబున్ని ఇంట్లోనే ఉంది. దాన్ని పాత సామాన్లవాడికి వేసేస్తానని మాబున్ని కొడుకు ఉమర్ అంటున్నాడట. లోపలి తగరం పూత, కళాయి, అరిగిపోయి చిలుము పట్టిందట. దాంట్లో బిర్యానీ వండితే పెండ్లికొచ్చినోళ్లు వలీమా విందుకు కాదు ఆస్పత్రికి పోతారు, అల్యూమినియం దేగు బాడుగకు తెస్తా అన్నాడట. కళాయి పోయిద్దామంటే ఆ చుట్టుపక్కల పోసేవాళ్లు దొరకలేదట.

మా నిఖా బిర్యానీ ఆ దేగులోనే వండారు. ఆ రోజు సిగ్గుతో నేను రెండు ముద్దలు కూడా తినలేదు. వాసన మాత్రం గుర్తుంది.

నన్నీ బీ ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. ఇంట్లో కళాయి పోసే మగోడుండి మా అమ్మ దేగు పాత ఇనుము కాడికి పోతాదా అని అడిగింది.

పోదు అన్నాను.

అంతే అన్నాను. ఇప్పుడు రాసుకుంటుంటే అది చాలా పెద్ద మాట అనిపిస్తోంది.

28 జనవరి

బండి మీద బద్వేలు పోతామంటే సర్ఫరాజ్ ఒప్పుకోవడం లేదు.

సర్ఫరాజ్ నా కొడుకు. ఈడ డోన్‌లోనే ఆటో తోలుతాడు. రెండేళ్ల కింద సంతలో నా ఎక్సెల్ మోపెడ్ బండి నా మీదే పడి చెయ్యి విరిగింది. అప్పటినుంచి నేను డోన్ దాటి పోలేదు. బండి అమ్మేద్దామని వాడు అప్పుడప్పుడు అంటుంటాడు. నేను జవాబు చెప్పను. జవాబు చెప్పకపోతే బండి అమ్ముడుపోదు.

బస్సులో పోండి అన్నాడు. బస్సులో బొగ్గు ఎక్కించుకోరు. పోయినసారి కండక్టర్ నా మూట చూసి, ఏమప్పా ఇది బస్సా గూడ్సా అన్నాడు. బద్వేలులో బొగ్గు దొరకదా అన్నాడు సర్ఫరాజ్. ఏం బొగ్గు దొరుకుతుందో ఎవరికి తెలుసు? తడి బొగ్గయితే పొగ పెడుతుంది. పొగ తగిలితే కళాయి నల్లబడుతుంది. నా బొగ్గు నాకుండాలి.

పోనీ నేనే ఆటోలో తీసుకపోతా అన్నాడు. కానీ వాడికి ఎనిమిదో తేదీ దాకా స్కూలు పిల్లల ట్రిప్పులున్నాయి. ఎనిమిది సాయంత్రం బయల్దేరితే పెండ్లి అన్నం తినడానికి పోయినట్టుంటుంది, దేగుకు కళాయి పోయడానికి కాదు.

ఇవన్నీ నేను అనలేదు. నన్నీ బీ అంది. నేను పక్కన కూచుని తలూపాను.

29 జనవరి

ఒప్పుకున్నాడు. ఒక షరతు. బండి ఒక్కసారి పడినా ఫోన్ చేయాలి. ట్రిప్పులు పోతే పోనీ, యాడున్నా వచ్చి ఇద్దర్నీ ఆటోలో ఏసుకోని డోన్‌కు తెస్తా, బండి తాళం నాకిచ్చేయాల అన్నాడు. అంటే బండి పోతుంది, దేగూ పోతుంది.

వాళ్లమ్మతో ఒట్టు వేయించుకున్నాడు. నాతో వేయించుకోలేదు. నేను నోరు విప్పనని వాడికి తెలుసు.

ఆమె కూడా వస్తుంది. బస్సెక్కితే ఆమెకు వాంతులు.

30 జనవరి, గురువారం

ఈ రోజు లోడ్ కట్టి చూశాను.

ఎక్సెల్ బండి మీద లోడ్ కట్టడం నాకు బాగా తెలిసిన పని. కళాయి కంటే ముందు అదే నేర్చుకున్నాను. మా నాయన సైకిల్ మీద కట్టేవాడు, నేను వెనక పట్టుకుని నడిచేవాడిని.

బరువైనవి కిందికి, ముందుకు. బొగ్గు రాజేయడానికి చేత్తో తిప్పే గాలి ఫ్యాను అన్నిటికంటే బరువు. అది ముందర కాళ్ల దగ్గర. దాని పైన దూది సంచి, దూదికి బరువు లేదు. తగరం కడ్డీలు, తగరం అంటుకోవడానికి చల్లే నవాసాగరం డబ్బా సీటు కింద, తడి తగలకుండా. సీటు కంటే ఎత్తుగా ఏదీ కట్టకూడదు. ఎత్తుగా కడితే గాలి పట్టుకుంటుంది, గాలి పట్టుకుంటే బండి మన మాట వినదు. తాళ్లు వద్దు, సైకిల్ ట్యూబులు కోసి వాడాలి. తాడు వదులవుతుంది, ట్యూబు సాగి మళ్లీ బిగుస్తుంది.

ఇంకోటి ఉంది. తరిగేవి, తరగనివి. పట్టకార్లు తరగవు. ఫ్యాను తరగదు. బొగ్గు రోజూ తరుగుతుంది. పొద్దున కట్టిన బ్యాలెన్స్ సాయంత్రానికి ఉండదు. అందుకే బొగ్గును ఒకే మూట కట్టకూడదు. చిన్న మూటలు కట్టి రెండుపక్కలా వేలాడేసి, ఇవాళ ఈ పక్కది వాడితే రేపు ఆ పక్కది వాడాలి. ఎప్పుడూ నేను చేసేది ఇదే.

ఈసారి కొత్త లెక్క. నన్నీ బీ వెనక సీట్లో కూచుంటుంది. అందరు ఆడవాళ్లలాగే రెండు కాళ్లూ ఎడమపక్కకు వేసి కూచుంటుంది. బరువంతా ఎడమకు. కాబట్టి బొగ్గు మూటలన్నీ కుడిపక్కకు కట్టాను. పట్టకార్లు, సుత్తి మొదట ముందర పెట్టాను. బొగ్గు తరిగేకొద్దీ వాటిని ఒక్కొక్కటే కుడికి మార్చుకుంటూ పోతాను. బొగ్గు తరుగుతుంది, నన్నీ బీ తరగదు. మంచి లెక్క.

చివర రెండు వేళ్ల పరీక్ష. మా నాయన నేర్పింది. స్టాండు తీసి హ్యాండిల్ రెండు వేళ్లతో పట్టుకుంటే బండి ఎటూ వాలకూడదు. వీధిలో నన్నీ బీని కూచోబెట్టి పట్టుకున్నాను. ఎదురింటి పెద్ద ఈరన్న అరుగు మీద కూచుని చూస్తున్నాడు. ఏం కరీమూ, పెండ్లాన్ని కాంటా ఏస్తాండావా అని అరిచాడు. నీ పెండ్లాన్ని ఏస్తే కాంటా ఇరుగుతాది, గమ్మునుండు ఈరన్నా అంది నన్నీ బీ. ఈరన్న భార్య లోపలినుంచి గట్టిగా నవ్వింది.

మొదట ఎడమకు వాలింది. ఒక పట్టకారు కుడికి మార్చాను. నిలబడింది. రెండు వేళ్ల మీద, పెళ్లాం, బొగ్గు, ఫ్యాను, అన్నీ.

31 జనవరి

మైకు తీసేశాను.

నాకు వీధిలో కేక వేయడం రాదు. సిగ్గు. చిన్నప్పుడు మా నాయన కేక వేస్తుంటే నేను సైకిల్ వెనక దాక్కునేవాడిని. ఆయన పోయాక కేక లేకుండానే ఊర్లు తిరిగాను. దొరికే పని సగానికి తగ్గింది. తర్వాత సర్ఫరాజ్ ఒక చిన్న మైకు కొని, కళాయి పోస్తామమ్మా, రాగి ఇత్తడి సామాన్లకు కళాయి అని నన్నీ బీ గొంతు రికార్డు చేసి పెట్టాడు. అప్పటినుంచి మైకు అరిచేది, నేను తల వంచుకుని తోలేవాడిని.

గొంతే బండెక్కి వస్తుంటే మైకెందుకు? బ్యాటరీ బరువు మిగిలింది.

1 ఫిబ్రవరి

టైర్లకు గాలి పట్టించాను. భయం లేదు.

2 ఫిబ్రవరి, ఆదివారం, సాయంత్రం. బేతంచెర్ల

బండి బాగా నడిచింది. దారి పొడవునా బండలు కోసే ఫ్యాక్టరీలు, తెల్లటి దుమ్ము. నన్నీ బీ ముసుగు తెల్లబడింది. ఆపినప్పుడు ఆమె దిగడం ఒక పని. ఆమె దిగితే బండి ఒక్కసారిగా కుడికి లాగుతుంది. అందుకని ముందు నేను రెండు కాళ్లూ ఆనించి, కుడికాలు బిగబట్టి, ఊ అంటాను. అప్పుడు ఆమె దిగాలి. ఊ అనకముందు దిగకూడదు.

నీ ఊ కోసం పెండ్లైన కాడ్నుంచి కాసుకోని ఉండా, ఇప్పుడు కొత్తనా అంది.

ఎరుకైన టీ అంగడి వెనక పడుకుంటున్నాం. పడుకునే ముందు ఆమె సర్ఫరాజ్‌కు ఫోన్ చేసింది. పడలేదు అని చెప్పింది.

3 ఫిబ్రవరి. బనగానపల్లె

ఒక హోటల్లో ఇత్తడి బాయిలరు, నాలుగిండ్లలో బిందెలు, గిన్నెలు. ఒక బొగ్గు మూట అయిపోయింది. సుత్తి కుడికి మార్చాను. మళ్లీ రెండు వేళ్లు. నిలబడింది.

నా లెక్క నాకే ముచ్చటగా ఉంది.

4 ఫిబ్రవరి. కోయిలకుంట్ల

ఈ రోజు నవ్వొచ్చింది. రాసుకోవాలి.

ఒక వీధిలోకి తిరగ్గానే నన్నీ బీ మైకులో మాదిరే కేక వేసింది. కళాయి పోస్తామమ్మా అని. ఒక ఇంట్లోంచి ముసలామె పరిగెత్తుకుని వచ్చింది. మైకులో ఆయమ్మ నువ్వేనా, నిజం మనిషివి ఉండావా అంది. ఇంకొకామె వచ్చి, రెండేండ్లాయ యాడికి పోయినావమ్మా, మేము నీకేమో అయిందనుకున్యాం అంది. అందరూ చుట్టూ మూగారు. ఇంకోసారి అను అన్నారు. అంది. చప్పట్లు కొట్టారు. పక్క వీధినుంచి కూడా బిందెలు తెచ్చారు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నాకు అదే బాగుంటుంది. నేను గుంత తవ్వుకుని ఫ్యాను పెట్టుకుని పని చేసుకున్నాను.

చేలల్లో శనగ పీకుతున్నారు. ఒకామె పచ్చి శనగ మొక్కలు ఒక కట్ట ఇచ్చింది. బొగ్గు నిప్పుల మీద కాల్చుకుని తిన్నాం. మూతులు నల్లగా అయ్యాయి. నన్నీ బీ తన గొంతు ఇన్ని ఊర్లలో తెలుసని ఇన్నాళ్లూ నేను ఎందుకు చెప్పలేదని అడిగింది. నాకే తెలియదు అన్నాను. అది నిజం. నేను తల వంచుకుని పోయేవాడిని కదా.

5 ఫిబ్రవరి, పొద్దున

బండి పడింది.

5 ఫిబ్రవరి, మధ్యాహ్నం

జమ్మలమడుగు దారిలో ఒక ఊర్లో, చర్చి వరండాలో కూచుని రాస్తున్నాను. కుడి మడమ వాచింది. విరగలేదు, వేళ్లు కదులుతున్నాయి.

జరిగింది ఇది. ఊర్లోకి వచ్చి చర్చి ముందర బండి నెమ్మది చేశాను. నన్నీ బీ కేక వేసింది. వెనకనుంచి ఎవరో, ఓ మైకమ్మా, నిలబడు నిలబడు, అని అరిచారు. నిన్నటి పేరు మాకంటే ముందు ఈ ఊరికి వచ్చేసింది. ఆ పిలుపు విని నన్నీ బీ ముఖం వెనక్కి తిప్పి, వస్తాండా తల్లీ అంటూ దిగేసింది. బండి ఇంకా పూర్తిగా నిలబడలేదు. నా కాళ్లు ఆనలేదు. ఊ అనలేదు.

ఎడమపక్క ఖాళీ అయింది. కుడిపక్క బొగ్గు, పట్టకార్లు, సుత్తి, అన్నీ అక్కడే ఉన్నాయి. బండి కుడికి పడింది, కింద నా కాలు. ఒక మూట చినిగి బొగ్గంతా రోడ్డు మీద దొర్లింది.

పిలిచినామె పేరు విశ్వాసమ్మ. చర్చిలో అందరికీ పెట్టే ప్రేమవిందుకు వండే రాగి పాత్రకు కళాయి పోయించాలని పిలిచింది. పాపం, ఏడ్చినంత పనైంది ఆమెకు. తనే బండి ఎత్తింది, బొగ్గు ఏరింది, మడమకు సున్నం పసుపు కలిపి పట్టు వేసింది. నన్ను వరండాలో కూచోబెట్టింది.

నేను నన్నీ బీని ఏమీ అనలేదు. ఊ అనకముందు ఎందుకు దిగినావు అని మాత్రం అన్నాను. అప్పుడు ఆమె అన్న మాట ఇదీ. నన్ను బొగ్గు మూట కింద లెక్కేసినావు, మూటైతే ఇప్పేదాకా ఉంటాది, నేను మనిషిని, ఎవురన్నా పిలిస్తే దిగతా అంది.

నేను చినిగిన మూటను దగ్గరికి లాక్కుని ముడేశాను.  

తర్వాత ఆమె ఫోన్ తీసింది. ఒట్టు పెట్టినా, చెప్పాల్సిందే అంది. వద్దనలేదు నేను. కానీ దేగు గుర్తొచ్చింది. వాడొచ్చి తీసుకపోతే రేపటికల్లా మేము డోన్‌లో ఉంటాం, ఎల్లుండి ఉమర్ పాత సామాన్లవాడిని పిలుస్తాడు.

బండి పడినాది అని చెప్పింది. స్పీకర్‌లో సర్ఫరాజ్ గొంతు మారిపోయింది. యాడ, ఎట్ల, నాయనకు ఏమైంది, కదలాకండి, ఇప్పుడే వస్తాండా అన్నాడు. తప్పు నాది, నేనే దిగినా అని ఈమె చెప్తూనే ఉంది. వాడు వినడం లేదు. ఆటో స్టార్టు చేసిన చప్పుడు కూడా వినిపించింది.

ఫోన్ ఇటియ్యి అన్నాను.

నన్నీ బీ ఇవ్వలేదు. నేను ఫోన్ అడగడం ఆమెకు అర్థం కాలేదు. చేతిలోంచి తీసుకున్నాను.

ఏం మాట్లాడాలో తెలియలేదు. తెలిసిందే చెప్పాను. ముందర ఫ్యాను, సీటు కింద తగరం, కుడిపక్క బొగ్గు, పట్టకార్లు, సుత్తి, ఎడమపక్క మీ అమ్మ. నాలుగు రోజులూ రెండు వేళ్ల మీద నిలబడింది. నేను తోలుతుంటే పడలేదు. మీ అమ్మ దిగింది, కుడికి పడింది. కాలు విరగలేదు. నేను బద్వేలు పోతా.

ఇంత పొడుగు నేను ఎవరితోనూ మాట్లాడి ఉండను. 

సర్ఫరాజ్ ఆటో ఆపేశాడు.  తర్వాత, బరువంతా ఒగపక్కనే కట్టినావా నాయనా అన్నాడు. అమ్మకు ఎదురుగా కట్టినా అన్నాను. అప్పుడు వాడు, నా ఆటోలో ఎక్కే జనం ఒగరన్నా చెప్పి దిగుతారా, నిలబడకముందే దూకుతారు, నేను రోజూ చూస్తాండా కదా అన్నాడు. మనుషులు చెప్పకుండా దిగుతారు నాయనా, మనిషి మీద లెక్క పెట్టుకొని లోడ్ కట్టాకు అన్నాడు.

ఆ మాట నిజం. మా నాయన నాకు నేర్పనిది. ఆయన సైకిల్ మీద ఎప్పుడూ మనిషి ఎక్కలేదు.

ఎట్ల మరి అని అడిగాను. నా కొడుకును ఒక పని ఎట్ల చేయాలని అడగడం ఇదే మొదలు. అమ్మను రెండుపక్కలా కాళ్లేసుకొని కూచోమను, బొగ్గు చెరిసగం కట్టు, అప్పుడు ఆయమ్మ దూకినా బండి నిలబడతాది అన్నాడు.

మల్లా పడితే అని అడిగాడు. తాళం నీదే అన్నాను.

ఇంకా ఆలోచించాడు. సరే, రోజూ సాయంత్రం ఫోన్ చేయాల, అమ్మ కాదు, నువ్వు చేయాల అన్నాడు.

ఇది ముందు షరతు కంటే కష్టం. ఒప్పుకున్నాను.

5 ఫిబ్రవరి, సాయంత్రం

కూచునే చర్చి పాత్రకు కళాయి పోశాను. ఫ్యాను విశ్వాసమ్మ తిప్పింది. బాగా వచ్చింది.

నన్నీ బీ రెండుపక్కలా కాళ్లు వేసుకుని కూచోను పో అంది. ఈ వయసులో నేను గుర్రమెక్కాల్నా, నలుగురూ ఏమనుకుంటారు అంది. విశ్వాసమ్మ మనవరాలు నిస్సీ స్కూటీ మీద కాలేజీకి పోతుందట. దాని పంజాబీ డ్రెస్సు ప్యాంటు ఒకటి తెచ్చింది విశ్వాసమ్మ. చీర కింద ఇదేసుకో మైకమ్మా, కాళ్లు కనపడవు, నవ్వినోళ్ల పండ్లే కనపడతాయి అంది. పాత్రకు కూలీ బదులు ఆ ప్యాంటు ఇచ్చింది. నన్నీ బీ అది పట్టుకుని చాలాసేపు చూసింది. లేత పచ్చది, అంచుకు పూలు.

లోడ్ మొత్తం విప్పి మళ్లీ కట్టాను. బొగ్గు చెరిసగం. పట్టకార్లు ఈ పక్క, సుత్తి ఆ పక్క. నన్నీ బీ లేకుండా రెండు వేళ్ల పరీక్ష. నిలబడింది. ఆమెను ఎక్కమన్నాను. నిలబడింది. దిగమన్నాను. నిలబడింది. ఇంకోసారి ఎక్కి, చెప్పకుండా దూకింది, నన్ను పరీక్ష చేయడానికి. అప్పుడూ నిలబడింది.

సర్ఫరాజ్‌కు నేనే ఫోన్ చేశాను. కట్టినా అన్నాను. సరే అన్నాడు.  వాడే పెట్టేశాడు.

6 ఫిబ్రవరి. జమ్మలమడుగు దాటి ప్రొద్దుటూరు

విశ్వాసమ్మ తోసి స్టార్టు చేయించింది. వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది.

ఇన్నేళ్లూ నన్నీ బీ ఎక్కడికి పోయినా సీటు వెనక రాడ్డు పట్టుకునేది. ఈ రోజు రెండు చేతులతో నా రెండు భుజాలూ పట్టుకుంది. మలుపులో నేను వాలితే ఆమె కూడా వాలింది. ఇంతకుముందు మలుపులో ఆమె ఒకవైపు, నేను ఒకవైపు ఉండేవాళ్లం. బండికి ఈ తేడా తెలుస్తుంది.

మాట్లాడితే నేరుగా చెవిలోకే. జమ్మలమడుగు దాకా మాట్లాడింది. జమ్మలమడుగు తర్వాత కూడా.

ట్రాక్టరులో కూలికి పోతున్న ఆడవాళ్లు చూసి కేకలు పెట్టారు. ఏమ్మో ముసలమ్మా, ముసలోన్ని గుర్రం చేసి ఎక్కినావే అన్నారు. నేను తల వంచుకున్నాను. నన్నీ బీ ఒక చెయ్యి పైకెత్తి, కళాయి పోస్తామమ్మా అని అరిచింది. వాళ్ల నవ్వు చాలా దూరం వినిపించింది. నాకూ నవ్వొచ్చింది. ప్రొద్దుటూరులో ట్రాఫిక్, అయినా ఏమీ కాలేదు.

సాయంత్రం ఫోన్. పడలేదు అన్నాను. అమ్మ ఎట్లుండాది అన్నాడు. వాలుతాంది అన్నాను. వాడికి అర్థం కాలేదు. విడమరిచి చెప్పలేదు.

7 ఫిబ్రవరి, శుక్రవారం. బద్వేలు

మైదుకూరు మీదుగా చేరాం. చేరాం.

దేగు పెరట్లో ఉంది. లోపల కట్టెలు వేసి పెట్టారు. ఒక కోడి గుడ్డు కూడా ఉంది. నన్నీ బీ కట్టెలు ఒక్కొక్కటే తీసి బయట పెట్టింది. లోపల చెయ్యి పెట్టి రాసి చూసుకుంది. చెయ్యి పచ్చబడింది. ఇద్దరు చెల్లెండ్లను, నన్ను మా అమ్మ దీంట్లోనే కూచోబెట్టి తలకు పోసేది అంది. మాబున్ని పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంది.

ఉమర్ మంచివాడే. పెండ్లి పనుల్లో తల తిరిగి ఉన్నాడు. నా మడమ చూసి, పెద్దనాయనా, ఈ కాలుతో యాడయితాది, పాత సామాన్లోడు రేపు పొద్దుగూకేటప్పటికి బండి తెస్తానన్యాడు అని చెప్పాడు. ఆలోపల కాకుంటే నన్ను అనాకండి అన్నాడు.

అవుతుంది అన్నాను.

సర్ఫరాజ్‌కు చెప్పాను. వచ్చినాం అన్నాను. నాయనా, ఈ మాట కోసమే మధ్యాహ్నం నుంచి సవారీలు ఎక్కించుకోకుండా కూచున్యా అన్నాడు.

8 ఫిబ్రవరి, శనివారం

పెద్ద దేగును చేతితో తోమలేం. చెయ్యి అడుగుకు అందదు. ఒక్కటే పద్ధతి. లోపల ఇసుక, చింతపండు వేసి, గోనెపట్ట పరిచి, మనిషి అందులో నిలబడాలి. కాళ్లతో గోనె తొక్కిపట్టి, నడుము కుడికి ఎడమకు తిప్పుతూ ఉండాలి. తిరగలి తిరిగినట్టు. చిలుము మొత్తం వదిలేదాకా. తోమడం సరిగా లేకపోతే తగరం అంటదు.

చిన్నప్పటినుంచి ఎన్ని దేగుల్లో తిరిగానో. ఈ రోజు ఎక్కి ఒక్క తిప్పు తిప్పాను. మడమలో మెరుపు కొట్టింది. దేగు అంచు పట్టుకుని నిలబడిపోయాను. ఇంకో తిప్పు. కాదు. కుడికాలు నిలబడదు.

ఉమర్ చూసి తల అడ్డంగా ఊపి లోపలికి పోయాడు. అది నాకు మాట కంటే గట్టిగా తగిలింది. పెండ్లింటి మగవాళ్లకు ఆ తిప్పడం రాదు. నడుముతో చేసే పని అది. వట్టి కాళ్లతో చేస్తే పడతారు.

నేను దేగులోంచి దిగాను. నన్నీ బీ పందిట్లోంచి వచ్చింది. వచ్చి నిలబడింది, దేగును చూసింది, నన్ను చూసింది. లోపలికి పోయింది. నిస్సీ ప్యాంటు వేసుకుని, చీర మోకాళ్ల పైకి దోపుకుని వచ్చింది. పక్కకు జరుగు అంది.

నువ్వా అన్నాను. నువ్వు చేస్తాంటే ఇన్నేండ్లు ఊరికే చూసినానా అంది.

ఎక్కించాను. ఆమె లోపల, నేను బయట ఎడమకాలి మీద. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కుడికి తిరిగితే నేను వెనక్కి వాలాలి. ఆమె ఎడమకు తిరిగితే నేను ముందుకు రావాలి. కాసేపు కుదరలేదు. ఒకసారి నా తల ఆమె తలకు కొట్టుకుంది. తర్వాత కుదిరింది. బండి మీద మలుపులో కుదిరినట్టే.

ఇసుక చప్పుడుకు పెండ్లింటి ఆడవాళ్లంతా వచ్చేశారు. మాబున్ని చప్పట్లు మొదలుపెట్టింది. పెండ్లికూతురు సమీరా గోరింటాకు చేతులు గాలిలో పెట్టుకుని వచ్చి, పెద్దజేజికి పండక్కి షేర్వానీ కుట్టిద్దాం, ప్యాంటు బాగా నప్పింది అంది. నన్నీ బీ తిరుగుతూనే, నీ మొగునికి చెప్పు, వాడు నీకు ఎదురుగా వాలేది నేర్చుకోవాల అంది. నాకు చెవులు వేడెక్కాయి. చేతులు మాత్రం వదల్లేదు.

అడుగున రాగి ఎర్రగా బయటపడింది. చాలు అనుకున్నాను. ఆమె ఆగింది కానీ దిగలేదు. చెమటలు కారుతున్నాయి. ఊ అంటావా, దూకాల్నా అని అడిగింది.

ఊ అన్నాను.

తర్వాత నా పని. గుంత, బొగ్గు, ఫ్యాను. నా పొడి బొగ్గు. దేగు వేడెక్కాక నవాసాగరం చల్లాను. తెల్లటి పొగ లేచింది. తగరం కడ్డీ తాకించి దూదితో తుడిచాను. ఒక్కో తుడుపుకూ తెల్లటి వెన్నెల పరుచుకుంటూ పోయింది. దేగును పొర్లిస్తూ చుట్టూ పోశాను. కూచునే చేశాను. బొగ్గు చివరి మూట చివరి బొగ్గు దాకా పట్టింది.

పొద్దుగూకేలోగా పాత సామాన్లవాడు బండితో వచ్చాడు. ఉమర్ వాడిని దేగు దాకా తీసుకొచ్చి, లోపలికి తొంగి చూడమన్నాడు. దీన్ని అమ్ముతారా ఎవరన్నా, పోప్పా పో అన్నాడు. వాడు కూడా చాలాసేపు చూసి పోయాడు.

నన్నీ బీ చివర్లో వచ్చి తొంగి చూసింది. లోపల ఆమె ముఖం కనిపించింది. ముసుగు సర్దుకుంది.

9 ఫిబ్రవరి, ఆదివారం

నిఖా అయింది. ఈసారి కడుపునిండా తిన్నాను. రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాను.

పొద్దున్నే సర్ఫరాజ్ ఆటోలో వచ్చాడు. నన్ను పలకరించకముందే బండి చుట్టూ తిరిగాడు. ట్యూబులు లాగి చూశాడు. ఒకటి విప్పి వాడి పద్ధతిలో మళ్లీ కట్టాడు. వాడు అన్నానికి పోయాక నేను దాన్ని విప్పి నా పద్ధతిలో కట్టాను. తర్వాత ఆలోచించి, వాడి పద్ధతిలో కట్టాను. అది కూడా బాగానే ఉంది.

10 ఫిబ్రవరి

ఫ్యాను, పట్టకార్లు, అన్నీ సర్ఫరాజ్ ఆటోలో వేసుకున్నాడు. మీ ఇద్దరికీ చోటుంది రండి అన్నాడు. తాళం అడగలేదు.

నన్నీ బీ ప్యాంటు వేసుకుని వచ్చింది.

కట్టడానికి ఏమీ లేదు. ఆమె బండెక్కింది. రెండు వేళ్లతో పట్టుకున్నాను. నిలబడింది.

నేనూ ఎక్కాను.

ఊ, అంది ఆమె.